పై ఫ్లాట్‌లో పనిచేసే పిల్ల గురించి ఎవరికి చెప్పాలి, చెప్పాక ఏమవుతుంది?

ప్రశ్న:

అక్కా నమస్తే. మాది గుంటూరు, లక్ష్మీపురం వైపు ఒక అపార్ట్‌మెంట్. మా పై ఫ్లోర్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే జంట ఉంటారు, ఏడాదిన్నర బాబు. సంక్రాంతి వెళ్ళాక వాళ్ళింటికి ఒక పిల్ల వచ్చింది, బాబుని ఎత్తుకు తిప్పుతుంది, అంట్లు తోముతుంది, టెర్రస్ మీద బట్టలు ఆరేస్తుంది. నీ వయసెంత అంటే పన్నెండు అంది, మళ్ళీ వెంటనే నాలిక కరుచుకుని, కాదాంటీ పదిహేను, అమ్మగారు పదిహేనని చెప్పమన్నారు అంది. కర్నూలు జిల్లా కోసిగి వైపు వాళ్ళంట. అమ్మానాన్న మిరపకాయల కోతలకి పల్నాడు వచ్చారు, కూలీల్ని తెచ్చే మేస్త్రీ ద్వారా ఈ పిల్లని ఇక్కడ పెట్టి అడ్వాన్స్ తీసుకున్నారంట. ఊళ్ళో ఆరో క్లాసు మధ్యలో ఆపేసి వచ్చింది. మా పాప హోంవర్క్ చేస్తుంటే బాబుని చంకనేసుకుని మా గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటుంది. మొన్న ముంజేతి మీద కాలిన మచ్చ కనిపించింది, కుక్కర్ తగిలింది అంది.

ఆ ఇంటావిడ నాతో బానే ఉంటుంది. మా చుట్టాలమ్మాయే, ఊళ్ళో అయితే తిండికి కూడా ఇబ్బంది, ఇక్కడ కడుపునిండా తింటుంది అంటుంది. మా ఆయనేమో మనకెందుకు అంటారు, అసోసియేషన్ ప్రెసిడెంట్ కూడా వాళ్ళకి బాగా క్లోజ్. కంప్లైంట్ చేస్తే నా పేరు బయటికి వస్తుందా? పిల్లని తీసుకెళ్ళి ఏ హోంలోనో పడేస్తారా? కన్నవాళ్ళని జైల్లో పెడతారా? అసలు ముందు ఆవిడతో నేనే మాట్లాడి చూడనా?

పేరు వెయ్యొద్దు, గుంటూరు

సమాధానం:

చెల్లీ, చివర్న అడిగినదానికి ముందు చెప్తా. ఆవిడతో మాట్లాడి చూడనా అన్నారు కదా, అదొక్కటీ చెయ్యకండి. మీరు మంచిగానే చెప్తారు, ఆవిడ కూడా అలాగేలే వదినా పంపించేస్తాం అంటుంది, తెల్లారేసరికి పిల్ల ఉండదు. ఊరికి పంపించేశాం అంటారు, నిజంగా ఊరికే పంపించారో మంగళగిరిలో వాళ్ళ అక్కావాళ్ళింటికి పంపించారో మీకెలా తెలుస్తుంది? అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు ఊరికే వదులుకోరు, మేస్త్రీకి ఫోన్ చేసి డబ్బులైనా కట్టు, ఇంకో ఇల్లైనా చూడు అంటారు. ఇప్పుడు కనీసం మీ కళ్ళ ముందు ఉంది, అప్పుడు అదీ ఉండదు.

చెయ్యాల్సింది 1098కి ఫోన్. ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు. 1996లో ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్ళు మొదలుపెట్టింది, చాలా ఏళ్ళు ఎన్‌జీవోలే నడిపాయి, 2023 నుంచి మిషన్ వాత్సల్య అనే పిల్లల రక్షణ పథకం కింద గవర్నమెంటే తీసుకుని 112 ఎమర్జెన్సీ నంబరుతో కలిపింది, ఇప్పుడు జిల్లాలో చైల్డ్ ప్రొటెక్షన్ యూనిట్ వాళ్ళు చూస్తున్నారు. మీరు చెప్పాల్సింది అపార్ట్‌మెంట్ పేరు, ఫ్లాట్ నంబరు, పిల్లకి చూడ్డానికి ఎన్నేళ్ళుంటాయి, ఏ టైముకి ఖచ్చితంగా ఇంట్లో ఉంటుంది, అంతే. ప్రూఫులు సంపాదించి ఆ తర్వాత ఫోన్ చేద్దాం అని కూర్చోకండి, కనుక్కోవడం వాళ్ళ పని.

ఇది నేరమేనా అని మీరు సూటిగా అడగలేదు గానీ డౌట్ ఉన్నట్టుంది, బాగా చూసుకుంటున్నారు కదా అనేది మీ మనసులో కూడా కొంచెం తిరుగుతోంది. నేరమే. ఇళ్ళల్లో, హోటళ్ళల్లో చిన్నపిల్లల్ని పనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబర్ 10 నుంచే ఉంది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో మార్చాక 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోవడానికి లేదు. ఆర్నెల్ల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల ఫైను, రెండూ కూడా వెయ్యొచ్చు, పోలీసులు వారెంట్ లేకుండానే కేసు కట్టొచ్చు. బాగా చూసుకుంటున్నాం అనేది ఇందులో డిఫెన్సే కాదు.

ఇక చుట్టాలమ్మాయి అనే మాట. నా ముందుకొచ్చిన ప్రతి ఇంటావిడా ఇదే అంది, అక్షరం తేడా లేకుండా! సొంత కుటుంబానికి సాయం చెయ్యొచ్చు అని చట్టంలో ఒక సడలింపు ఉంది నిజమే, కానీ ఆ కుటుంబం అంటే ఎవరో కూడా అందులోనే రాశారు, అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్త, బాబాయి, పెదనాన్న, పిన్ని, పెద్దమ్మ, మేనమామ, ఇంతే. కోసిగి పిల్లకి గుంటూరులో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఇందులో ఏమవుతారో వాళ్ళే చెప్పాలి. సరే నిజంగా పిన్నే అనుకుందాం, అప్పుడు కూడా బడి అయ్యాకో సెలవుల్లోనో చేసే సాయమే, చదువుకి అడ్డం రాకూడదు. బడి మాన్పించి పొద్దున్నుంచి రాత్రిదాకా బాబుని మోయిస్తే అది సాయం ఎలా అవుతుంది?

పదిహేనని ఎందుకు చెప్పించారో అర్థమైంది కదా. 14 దాటితే గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకరమైన ఫ్యాక్టరీ పనులు లాంటివి మాత్రమే నిషేధం, ఇంటి పని ఆ లిస్టులో లేదు. ఆ సందు అలా వదిలెయ్యడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, దాన్ని వాడుకునేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. అయినా పదిహేను అనగానే పని అయిపోదు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015ది, దాంట్లో 18 నిండేదాకా పిల్లే. సెక్షన్ 79 ప్రకారం పిల్లని కట్టిపడేసి పని చేయించుకున్నా, సంపాదన పిల్ల చేతికి రాకుండా ఆపినా ఐదేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష ఫైను. జీతం అంతా అడ్వాన్స్‌లో కోసుకుంటున్నాం అన్నారంటే వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పుకున్నట్టు. వయసు తేల్చేది మీరూ కాదు, ఆవిడా కాదు, ముందు స్కూల్ రికార్డు, లేకపోతే బర్త్ సర్టిఫికెట్, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆరో క్లాసు దాకా చదివింది కాబట్టి ఊళ్ళో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది, ఒక్క ఫోన్‌తో తేలిపోయే విషయం.

మీ పేరు సంగతి. 1098 వాళ్ళకి పేరు చెప్పి తీరాలని ఏమీ లేదు, చెప్పినా బయటపెట్టొద్దు అని గట్టిగా అనండి. కాకపోతే ఒకటి, అపార్ట్‌మెంట్ అన్నాక ఎవరు చెప్పారో ఊహించుకుంటారు, పిల్ల మీ గుమ్మం దగ్గర నిలబడ్డం అందరూ చూశారు కదా. కొన్నాళ్ళు లిఫ్టులో మొహం తిప్పుకుంటారు, దానికి రెడీగా ఉండండి. మీ ఆయన మనకెందుకు అనేది కూడా ఈ మొహమాటం గురించే అయ్యుంటుంది, చట్టం గురించి అయ్యుండదు. అందుకని ఆయనకి చెప్పి మరీ చెయ్యండి, తర్వాత తెలిస్తే ఇంట్లో ఇంకో గొడవ.

ఇంకో ముఖ్యమైన విషయం, ఆ పిల్ల ఫొటో గానీ వీడియో గానీ తియ్యకండి, అపార్ట్‌మెంట్ గ్రూపులో అసలు పెట్టకండి. పిల్ల పేరు, ఫొటో, ఊరు, స్కూలు బయటపెడితే మీ మీదే కేసవుతుంది, ఆర్నెల్ల జైలు లేదా 2 లక్షల దాకా ఫైను. రెస్క్యూ చేశాం అని పిల్లల మొహాలు స్టేటస్‌లో పెట్టుకునే పెద్దమనుషులున్నారు మన ఊళ్ళో, వాళ్ళని చూసి నేర్చుకోవద్దు.

ఫోన్ చేశాక ఏం జరుగుతుంది అంటే, లేబర్ ఆఫీసు వాళ్ళు, చైల్డ్ ప్రొటెక్షన్ యూనిట్ వాళ్ళు, పోలీసులు కలిసి వస్తారు. స్టేషన్‌లో పిల్లల కేసుల కోసం ఒక ఆఫీసర్ ఉండాలి, పిల్లల్తో మాట్లాడేటప్పుడు యూనిఫాం వేసుకోకూడదు. పిల్లని 24 గంటల్లోపు చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు పెట్టాలి, మాటల్లో అందరం బెంచ్ అంటాం. చైర్‌పర్సన్, నలుగురు మెంబర్లు, వాళ్ళల్లో కనీసం ఒక ఆడమనిషి ఉండి తీరాలి, మేజిస్ట్రేట్‌కి ఉండే పవర్స్ ఉంటాయి. నేరం చేసినవాళ్ళని నిలబెట్టే కోర్టు కాదది, బల్ల చుట్టూ కూర్చుని పిల్లనే అడుగుతారు, నీకేం కావాలమ్మా అని. చాలామంది పిల్లలు మొదటిరోజు ఏడుపే తప్ప ఏమీ చెప్పరు, రెండోసారో మూడోసారో చెప్తారు. బెంచ్ ఇంటి పరిస్థితి మీద రిపోర్టు తెప్పించుకుని నాలుగు నెలల్లో ఫైనల్ ఆర్డర్ వెయ్యాలి. ఈలోపు తల్లిదండ్రుల దగ్గర సేఫ్ అనుకుంటే అక్కడికే పంపుతారు, లేదంటే ఆడపిల్లల హోంలోనో బాలసదనంలోనో ఉంచుతారు.

హోంలో పడేస్తారా అన్నారు. హోంలన్నీ బాగుంటాయని నేను చెప్పను, కొన్ని చోట్ల తిండి బానే ఉంటుంది, మాట్లాడే మనిషే ఉండరు. కానీ చట్టం ప్రకారం హోం అనేది ఆఖరి దారి, ముందు కుటుంబమే. అసలు భయపడాల్సింది దానికి కాదు. అప్పట్లో ఒక పిల్లని గుంటూరులోనే ఒక ఇంట్లోంచి తీశారు, అంతా రూల్ ప్రకారమే జరిగింది, పేపర్లో కూడా వచ్చింది, తండ్రిని పిలిపించి సంతకం పెట్టించుకుని ఇంటికి పంపించారు. కొన్ని నెలలకే అదే పిల్ల విజయవాడ పటమటలో ఇంకో ఇంట్లో కనిపించింది. ఎందుకంటే తండ్రి నెత్తిన అడ్వాన్స్ అలాగే ఉంది, మేస్త్రీ ఇంటికొచ్చి కూర్చున్నాడు. బెంచ్ ముందు ఆ అడ్వాన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు, పిల్ల ఏ స్కూల్లో చేరిందో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అందుకే ఫోన్ చేసి నా పని అయిపోయింది అనుకోవద్దని చెప్తున్నా, ఫోన్ తర్వాత ఒక కాయితం రాయాలి మీరు, తెల్లకాయితం మీద తెలుగులోనే, చైర్‌పర్సన్ గారికి అని. మీరు పొరుగింటావిడే అయినా రాయొచ్చు. ఇందులో కూడా మీ వివరాలు గోప్యంగా ఉంచమని అడగండి.

ఆ కాయితంలో మొదటి విషయం అడ్వాన్సే. అప్పు ఇచ్చి దాని కింద మనిషిని పనిలో పెట్టుకోవడం అంటే వెట్టిచాకిరీ, 1976 చట్టం ప్రకారం ఆ అప్పు రద్దు, తిరిగి కట్టక్కర్లేదు, కట్టమని అడగడమే తప్పు. ఇది వెట్టి కిందకి వస్తుందో లేదో కలెక్టరో ఆర్డీవోనో విచారించి రిలీజ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికి రిఫర్ చెయ్యమని బెంచ్‌ని అడగండి. ఆ సర్టిఫికెట్ చేతిలో ఉంటే మేస్త్రీ గుమ్మం తొక్కడు. రెండోది, ఇన్నాళ్ళు చేసిన పనికి జీతం లెక్కగట్టి పిల్ల పేరు మీద బ్యాంకులో వేయించమనండి. ఫైను పడితే అది కూడా జిల్లాలో ఉండే బాలకార్మికుల పునరావాస నిధికి వెళ్తుంది, పిల్లకి 15 వేల చొప్పున గవర్నమెంట్ కలపాలి, ఆ డబ్బు పిల్ల పేరు మీదే ఉంటుంది. ఇవన్నీ అడక్కుండా వస్తాయనుకుంటున్నారా? రావు, అడిగితేనే కదులుతాయి.

కన్నవాళ్ళని జైల్లో పెడతారేమో అని మీ భయం. మొదటిసారి అయితే అమ్మానాన్నకి ఈ బాలకార్మిక చట్టం కింద మామూలుగా శిక్ష వెయ్యరు, మళ్ళీ అదే పని చేస్తే పదివేల దాకా ఫైను. పిల్లతో వ్యాపారం చేసినట్టు తేలితే వేరే సంగతి. మేస్త్రీకి మాత్రం ఈ కన్సెషన్ ఏమీ లేదు, ఇలా ఇంకెంతమంది పిల్లల్ని ఎక్కడెక్కడ పెట్టాడో పోలీసులు అడగాల్సింది వాడినే. తెలిస్తే వాడి పేరు, ఊరు కూడా ఫోన్‌లోనే చెప్పెయ్యండి.

చదువు దగ్గరికొస్తే, ఊళ్ళో తిండికి ఇబ్బంది అని ఆవిడ అంటోంది కదా, ఆ మాటకి దశాబ్దాల కిందటే మన తెలుగునేల మీదే జవాబు దొరికింది. ఎంవీ ఫౌండేషన్ శాంతా సిన్హా గారు, 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి చైర్‌పర్సన్, ఆవిడ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లల్ని వేలమందిని బళ్ళో వేయించి చూపించారు. బడిలో లేని పిల్లలంతా బాలకార్మికులే అని ఆవిడ లెక్క. పేదోళ్ళు పిల్లల్ని చదివించరు అనేది మనం మన సౌకర్యానికి చెప్పుకునే మాట, అందులోనూ అంట్లు తోమే మనిషి దొరకనివాళ్ళు ఇంకా ఎక్కువ చెప్పుకుంటారు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ దాకా చదువు ఫ్రీ. మధ్యలో మానేసిన పిల్లని వయసుకి తగ్గ క్లాసులోనే కూర్చోబెట్టాలి, వెనకబడితే స్పెషల్ ట్రైనింగ్ ఇవ్వాలి, టీసీ రాలేదనో వయసు ప్రూఫ్ లేదనో ఏ హెడ్మాస్టరూ వెనక్కి పంపడానికి లేదు. ఈ పిల్లకి కస్తూర్బా స్కూల్ బాగా సరిపోతుంది, ఆరు నుంచి చదువుతో పాటు హాస్టల్ కూడా, బడి మానేసిన ఆడపిల్లల కోసమే పెట్టినవి. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనులకి వలస వచ్చేవాళ్ళ పిల్లల కోసం ఆ ఊళ్ళల్లోనే సీజనల్ హాస్టళ్ళు కూడా నడుపుతుంటారు, అమ్మానాన్న గుంటూరొచ్చి కాయలు కోసుకుంటుంటే పిల్లలు అక్కడే తిని చదువుకుంటారు. ఈ పిల్ల దాంట్లో ఎందుకు లేదు అనేది బెంచ్ అక్కడి జిల్లావాళ్ళని అడగాల్సిన ప్రశ్న, మీ కాయితంలో అదీ రాయండి.

డబ్బు విషయం కూడా ఆ తల్లికి ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. తల్లికి వందనం కింద బళ్ళో ఉన్న ఒక్కో పిల్లకి ఏడాదికి 15 వేలు, అందులో స్కూల్ మెయింటెనెన్స్‌కి 2 వేలు పోను 13 వేలు తల్లి అకౌంట్‌లో పడతాయి, ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ. కాకపోతే 75 శాతం అటెండెన్స్ ఉండాలి. అంటే ఈ పిల్ల ఇక్కడ బాబుని ఎత్తుకుని తిరిగినన్నాళ్ళూ అక్కడ అటెండెన్స్ పోతోంది, దాంతో ఆ డబ్బూ పోతుంది. మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ అని ఇంకోటి ఉంది, నెలకి 4 వేలు, పల్లెల్లో అయితే ఇంటి ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదు, పనిలోంచి తీసిన పిల్లలు మళ్ళీ పనికి పోకుండా ఇంట్లోనే ఉండి చదువుకోడానికి బాగా పనికొస్తుంది. ఇది కూడా బెంచ్ ఆర్డర్‌లో రాయించుకుంటేనే కదుల్తుంది.

కాలిన మచ్చ గురించి. కుక్కర్ తగిలే ఉండొచ్చు, పన్నెండేళ్ళ పిల్ల కుక్కర్ దించుతుంటే తగలకుండా ఎలా ఉంటుంది. కాకపోనూ వచ్చు. మీరు గుచ్చి గుచ్చి అడగకండి, పైన వింటే పిల్లకే ప్రమాదం. 1098కి ఫోన్ చేసినప్పుడు ఎక్కడ చూశారో ఎప్పుడు చూశారో చెప్పండి, మెడికల్ చేయిస్తారు. కొట్టినట్టో కాల్చినట్టో తేలితే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 కింద మూడేళ్ళ దాకా జైలు. ఒకవేళ ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించినట్టు పిల్ల నోటివెంట వస్తే మాత్రం మీకు ఛాయిస్ లేదు, పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం ప్రకారం చెప్పి తీరాలి, తెలిసీ చెప్పకపోతే అది కూడా నేరం.

ఫోన్ చేసి రెండు మూడు రోజులైనా ఎవరూ రాలేదనుకోండి, మళ్ళీ చెయ్యండి, వాళ్ళ దగ్గర నమోదైందో లేదో కనుక్కోండి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది, ఒక అర్జీ పెట్టండి. వెల్ఫేర్ కమిటీ పనితీరు మీద ఫిర్యాదులు వినాల్సింది కూడా కలెక్టర్ గారే. లాయర్ కావాలంటే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉంది, నంబర్ 15100, ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఫ్రీగా లాయర్‌ని పెడతారు. ప్రెసిడెంట్ ఎవరికి క్లోజ్ అయితే ఏంటి, ఈ దారిలో ఆయనతో మీకు పనే లేదు.

మొన్నమొన్నటిదాకా హోటళ్ళ మీద, మెకానిక్ షెడ్ల మీద రైడ్లు చేసి పిల్లల్ని తీసేవాళ్ళు, ఇప్పటికీ అంతే, అక్కడ పిల్లలు రోడ్డు మీద కనిపిస్తారు కాబట్టి. మూడో ఫ్లోర్‌లో తలుపేసుకున్న ఇంట్లో పిల్ల ఏ ఆఫీసర్‌కి కనిపిస్తుంది? లేబర్ ఆఫీసు వాళ్ళని తిట్టి ఏం లాభం, పక్క ఫ్లాట్ వాళ్ళు చెప్తే తప్ప తెలిసే దారి లేదు.

ఆలస్యం మాత్రం చెయ్యకండి. ఈ వారంలోనే, మామూలు పనిరోజున పొద్దున్నే చెయ్యండి, ఆఫీసులు తీసి ఉంటాయి, పిల్ల సాయంత్రంలోపు బెంచ్ ముందుకి వెళ్ళిపోతుంది. ఉగాదికల్లా మిరప కోతలు అయిపోతాయి, వాళ్ళమ్మానాన్న మూటలు సర్దుకుని లారీ ఎక్కేస్తారు, అడ్వాన్స్ తీరలేదని పిల్లని ఇక్కడే వదిలేసి పోయే అవకాశమే ఎక్కువ. వాళ్ళు పల్నాడులో ఉండగా అయితే ఒక్కరోజులో పిలిపించొచ్చు, కోసిగి వెళ్ళిపోయాక రప్పించడానికి నెలలు పడుతుంది. వాళ్ళు ఏ ఊళ్ళో ఎవరి చేలో కోస్తున్నారో పిల్లని మాటల్లో మామూలుగా అడిగి పెట్టుకోండి, అది ఒక్కటి తెలిసినా బెంచ్‌కి సగం పని తప్పుతుంది.